ఎజెల్ గాట్లిన్ పేరున ఒక బిల్లు

మా మిసిసిపీలో శిక్ష పడి ఓటు పోగొట్టుకున్నవాడికి అది తిరిగి రావాలంటే, ఆ మనిషి ఒక్కడి కోసం శాసనసభలో బిల్లు పెట్టవచ్చు. పేరు, కౌంటీ, చేసిన నేరం, పడ్డ శిక్ష అన్నీ అందులో రాయాలి. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది ఊఁ అనాలి. రోడ్లకూ వంతెనలకూ ఎలా పెడతారో అలాగే, వరుసలో నంబరు వేసి, ఒక మనిషికి.

ఎజెల్ గాట్లిన్ పేరున నేను అలాంటి బిల్లు రెండుసార్లు రాశాను. మొదటి ఏడాది అది కమిటీ గడప దాటలేదు. రెండో ఏడాది కింది సభలో గెలిచి, పై సభలో ఎవరూ చేతిలోకి తీసుకోక, గడువు తీరి చచ్చిపోయింది. మా దగ్గర బిల్లును చచ్చిపోయిందనే అంటారు. ఆ మాట ఫోన్లో చెప్పినప్పుడు మిస్టర్ ఎజెల్, "సర్లే తల్లీ, జనవరిలో మళ్ళీ పుట్టిస్తావుగా" అన్నారు.

నేను పనిచేసేది మా శాసనసభ్యుడు డెల్మర్ ఫాంట్రాయ్ గారి ఆఫీసులో. టలోమా కౌంటీ కోర్టుకు ఎదురుగా, ఒకప్పుడు బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిన దుకాణం అది. వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ గంజి వాసన వస్తుంది. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళింది నేనే మొదటిదాన్ని. అమ్మ పద్దెనిమిదేళ్ళుగా క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో చేపల తోలు తీస్తోంది. ఫాంట్రాయ్ గారు నన్ను రెనిటా అని పిలవరు. "కాలేజీ, ఈ ఉత్తరం చూడు." "కాలేజీ, కాఫీ మరీ నీళ్ళలా ఉంది." వెక్కిరింపు కొంత, గర్వం కొంత.

మిస్టర్ ఎజెల్ మొదటిసారి ఆఫీసుకు వచ్చింది భార్య పోయిన ఆరో వారంలో. పొడుగాటి మనిషి, అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. చొక్కాకు మెడ దాకా గుండీలు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ముందు నా మొహం పరీక్షగా చూశారు.

"నువ్వు క్లెమ్మీ హెంబ్రీ మనవరాలివి కదూ? ఆ నుదురు చూస్తే తెలియట్లా! ఆదివారం బళ్ళో వాక్యం తప్పు చదివానని మీ నాయనమ్మ నన్ను గంటసేపు గోడకు నిలబెట్టింది."

"నన్నూ నిలబెట్టిందండీ."

"అయితే మంచిదే. నిలబడటం తెలిసినదానివే." నవ్వలేదు. "నాకు ఓటు కావాలి."

ఆయన భార్య వెర్లీన్ గాట్లిన్ మా ఊళ్ళో అందరికీ తెలుసు. మౌంట్ పిస్గా చర్చి భోజనాల హాలులో ఓటింగు జరిగిన ప్రతిసారీ, పేర్ల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేది ఆవిడే. ఇరవై ఆరేళ్ళు కూర్చుంది. పద్దెనిమిదేళ్ళకు నేను మొదటి ఓటు వెయ్యడానికి వెళ్ళినప్పుడు, నా పేరు మీద స్కేలు పెట్టి, "ఇదిగో నువ్వు" అంది. ఊరందరి పేర్లూ ఆ స్కేలు కిందికి వచ్చాయి, తన ఇంట్లో మనిషి పేరు తప్ప. ఎన్నిక రోజు ఆవిడ తెల్లవారకముందే టిఫిను కట్టుకుని వెళ్ళిపోయేది. ఆ పొద్దంతా మిస్టర్ ఎజెల్ వీధి తలుపు వేసుకుని ఇంట్లోనే ఉండేవారు. బండి కూడా తీసేవారు కాదు, దారిలో ఎవరైనా "ఓటేశావా ఎజెల్?" అని అడుగుతారేమోనని.

నేరం వివరాలు రాయమని కాగితం ఇస్తే ఆయన తన చేత్తో ఒకే లైను రాశారు. "1983. దొంగతనం. మూడేళ్ళు జైలు." నేను ఆ లైనునే బిల్లులోకి ఎక్కించాను. రెండో ఏడాది మొదటి ఏడాది బిల్లు తీసి, తేదీ, నంబరు మార్చాను. మా ఆఫీసులో అలాగే చేస్తారు. నాకు ముందు పనిచేసినావిడా అలాగే చేసింది. దాన్ని తప్పనుకోవాలని నాకు తోచలేదు.

మూడోసారికి ఆగస్టులోనే పని మొదలుపెట్టాను. ఈసారి తీర్పు కాగితం నకలు కూడా జత చేస్తే పై సభలో కాస్త కదలిక ఉంటుందేమోనని ఎవరో ఫాంట్రాయ్ గారికి సలహా ఇచ్చారు. అందుకే రోడ్డు దాటి కోర్టుకు వెళ్ళాను.

"ఆ ఏళ్ళ పెట్టెలు కిందనున్నాయి, బాయిలరు పక్కన" అంది గుమాస్తా మిస్ ఆర్డెల్ ప్రూయిట్, కౌంటరు మీంచి తాళంచెవి తోస్తూ. "ఎలకలు నీకంటే ముందే చదివేసి ఉంటాయి. ఏమన్నా మిగిలితే తెచ్చుకో."

మిగిలింది. ఒకటిన్నర పేజీ తీర్పు, ఒక పోలీసు నివేదిక. కింద నిలబడే చదివాను. జనవరి నెల, పత్తి మిల్లులో పని ఆపేసిన రోజులు. ఎజెల్ గాట్లిన్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి ఒక ఇనప సామాన్ల దుకాణం వెనక కిటికీ పగలగొట్టి లోపలికి దిగాడు. దిగిన కాలు నేలకు ఆనేలోపే కావలివాడు పట్టుకున్నాడు. "ముద్దాయి చేతిలో ఏమీ లేదు" అని రాసి ఉంది. దుకాణంలో పోయినది ఏమీ లేదు. అందుకే తీర్పులో దొంగతనం అన్న నేరం లేదు. "దొంగతనము చేయు ఉద్దేశముతో, తాళము వేసియున్న దుకాణమునకు కన్నము వేసినందుకు" అని ఉంది.

ముందు నాకు సంతోషమే వేసింది. బిల్లులో దొంగతనం కంటే కన్నం అని ఉంటే చూడ్డానికి కాస్త మెత్తగా ఉంటుందనుకున్నాను. ఆఫీసుకు వచ్చి ఆ మాటను సరిగ్గా చట్టంలో ఉన్నట్టే రాద్దామని, ఏయే నేరాలకు ఓటు పోతుందో ఆ జాబితా తీశాను. కన్నం లేదు. ఇంకోసారి చూశాను. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. ఇరవైకి పైగా నేరాలున్నాయి. కన్నం వెయ్యడం లేదు.

ఫాంట్రాయ్ గారు జాక్సన్‌లో తనకు తెలిసిన లాయరమ్మకు ఫోను చేసి, నేను కూడా వినేలా స్పీకరు పెట్టారు. ఆవిడ తాపీగా చెప్పింది. 1890లో ఆ జాబితా రాసినప్పుడు కన్నం ఉండేది. 1950లో ఆ ఒక్క మాట కొట్టేశారు. కానీ పాత జాబితా ముసలివాళ్ళ నోట అలాగే ఉండిపోయింది. వాళ్ళు కొడుకులకు చెప్పారు, కొడుకులు మనవలకు చెప్పారు. ఇప్పుడైతే జాబితా ఊసే లేదు, జైలుకెళితే ఓటు పోయినట్టే అని అందరూ అనుకోవడమే. నేనూ అలాగే అనుకుంటూ పెరిగాను.

"అంటే ఈయనకు ఓటు పోనే లేదంటావు" అన్నారు ఫాంట్రాయ్ గారు.

"లేదు."

"ఒక్క రోజు కూడా?"

"జైల్లో ఉన్న మూడేళ్ళు కూడా పోలేదు డెల్మర్. కావాలంటే అక్కణ్ణుంచి పోస్టులో పంపుకోవచ్చు."

ఫోను పెట్టేశాక ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "దేవుడా. పోనిదాన్ని తిరిగివ్వమని ఎనభై తొమ్మిది మంది చేత సరే అనిపించాను. అందులో ఇద్దరి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను." తర్వాత నాకేసి చూశారు. "కాలేజీ, ఆ తీర్పు మొదటి ఏడాదే చూడాల్సింది."

"అవును సార్."

"నేనూ అడగాల్సింది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నువ్వే వెళ్ళి చెప్పు. మొహం అలా పెట్టుకుని కాదు, నవ్వుతూ చెప్పు. మంచి వార్తే కదా ఇది" అన్నారు.

సగం దారి వరకు నేనూ మంచి వార్తే అనుకున్నాను.

మిస్టర్ ఎజెల్ ఇల్లు సోయా చేల మధ్య ఉంది. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. బండి దిగేసరికి లోపల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినబడింది. చుట్టాలొచ్చారేమోననుకున్నాను. కాదు, వంటింట్లో ఒక రేడియో, పడగ్గదిలో ఒక రేడియో, వేరు వేరు స్టేషన్లు.

"ఒకటి పెడితే ఎవడో ఒకడు వాగుతున్నట్టుంటుంది" అన్నారు, నేను అటూ ఇటూ చూడటం గమనించి. "రెండు పెడితే ఇంట్లో జనం ఉన్నట్టుంటుంది. కూర్చో."

బల్ల మీద చిక్కుడుకాయలు పోసి ఉన్నాయి. గింజలు వలుస్తున్నారు. ఒక్క మనిషికి అన్ని గింజలు ఎందుకో నాకు తెలియలేదు. నేనూ రెండు కాయలు చేతిలోకి తీసుకున్నాను. కాగితం తీసి చూపించాను. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి చెప్పేశాను.

ఆయన చెయ్యి ఆగలేదు. "మళ్ళీ చెప్పు."

"మీకు ఓటు ఎప్పుడూ పోలేదండీ. నమోదు ఫారం మీద సంతకం పెడితే నవంబరులో వెయ్యొచ్చు."

"కోర్టువాళ్ళు నాకు పెట్టిన లాయరు చెప్పాడే. నేరం ఒప్పుకుంటే మూడేళ్ళతో పోతుంది, ఓటు సంగతి మాత్రం మర్చిపో అన్నాడు."

"తప్పు చెప్పాడండీ."

"మా నాన్న చెప్పాడు."

"ఆయనకు తెలిసిన చట్టం పాతది."

"జైల్లో నాతోపాటు ఉన్న నలభై మందీ చెప్పారు."

రేడియోలో ఎవరో పత్తి ధరలు చదువుతున్నారు. పక్కగది రేడియోలో చర్చి పాటల బృందం పాడుతోంది. ఆయన లేచి రెండూ ఆపేసి వచ్చి కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు చాలా పెద్దగా వినబడింది.

"ఎనభై ఏడులో," అన్నారు, "నేను ఇంటికొచ్చాక మొదటి ఎన్నిక. వెర్లీన్ నీలం గౌను వేసుకుని ఆ తలుపు దగ్గర నిలబడింది. 'రా ఎజెల్, వెళ్ళి అడుగుదాం. లేదంటే లేదంటారు, కొడతారా ఏంటి?' అంది. నేను ఇంతెత్తున లేచాను. 'నలుగురిలో నన్ను దొంగ అనిపించుకు రమ్మంటావా? ఈ ఇంట్లో నా ముందు ఇంకెప్పుడూ ఓటు మాట ఎత్తకు' అన్నాను. ఎత్తలేదు. అది మాటంటే మాటే. అందరి పేర్లూ వెతికిచ్చి సాయంత్రం ఇంటికొచ్చేది, చెప్పులు విప్పేది, నాకు అన్నం పెట్టేది. ఇవాళ జనం బాగా వచ్చారని కూడా అనేది కాదు."

కొన్ని గింజలు వలిచారు.

"ఆ రోజు వెళ్ళి అడిగి ఉంటే ఏమయ్యేది? చదువుకున్నదానివి, చెప్పు."

"ఫారం ఇచ్చేవాళ్ళండీ."

"ఇచ్చేవాళ్ళు." ఆ మాట రుచి చూస్తున్నట్టు మెల్లగా అన్నారు. "దాని చేతిలో అంత పుస్తకం ఉంది. అదెప్పుడూ చూసి ఉండదంటావా? తెలిసి కూడా నా మాట కోసం ఊరుకుందంటావా?"

"ఆ పుస్తకంలో పేర్లే ఉంటాయండీ, నేరాలుండవు. తెలిసి ఉండదు."

"నీకెలా తెలుసు?"

నిజమే, నాకెలా తెలుసు.

ఆయన గిన్నె పక్కకు నెట్టారు. "బిల్లు ఆపొద్దు."

"బిల్లు అక్కర్లేదండీ ఇంక."

"నీకక్కర్లేదు. నాకు కావాలి. పోనే లేదంటే ఏంటి అర్థం? నలభై ఏళ్ళు తలుపు నేనే వేసుకున్నాననేగా? అది ఒక్కతే వెళ్ళి, ఒక్కతే వచ్చింది ఉత్తపుణ్యానికేగా? వాళ్ళనే చెప్పమను. ఎజెల్ గాట్లిన్, నీది పోయింది, ఇదిగో ఇచ్చేస్తున్నాం అని. అంతమంది నిలబడి చెప్పాలి. అప్పుడు అర్థం ఉంటుంది."

"అబద్ధం రాయలేనండీ."

"రెండుసార్లు రాశావుగా."

కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నేను ఫారం బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఫాంట్రాయ్ గారికి చెబితే, "పాపం" అని ఒక్క మాటనేసి, ఆ బిల్లు ఫైలు పైన ఎర్ర సిరాతో గీత కొట్టేశారు. ఇంట్లో చెబితే అమ్మ, చన్నీళ్ళకు మొద్దుబారిన వేళ్ళు నలుపుకుంటూ విన్నది. "చెప్పకుండా ఉండాల్సిందేమో. ఏదో ఒక ఏడు ఆ బిల్లు గెలిచేది, ముసలాయన సంతోషపడేవాడు."

"అది గెలవకముందే ఆయన పోతే?"

"అదీ నిజమే" అంది. "మంచి చేశావో చెడు చేశావో నాకు తెలీదు. మొదలెట్టావు కాబట్టి మధ్యలో వదలకు. రోజూ ఫోన్ చెయ్."

రోజూ చేశాను. ఎత్తలేదు. ఇంకో ఫారం, అంటించిన స్టాంపుతో, పోస్టులో పంపాను. తిరిగి రాలేదు. సెప్టెంబరు మధ్యలో మళ్ళీ వెళ్ళాను. దోమల తలుపు అవతల నిలబడ్డారు, తెరవలేదు. గడ్డం పెరిగింది.

"బిల్లు తెచ్చావా?"

"లేదండీ. అక్టోబరు మొదటి సోమవారం ఆఖరి రోజు. దాటితే నవంబరుకు కుదరదు. అది చెప్పి పోదామని."

"చెప్పావుగా. ఎండలో నిలబడకు తల్లీ, వెళ్ళు."

చర్చికి కూడా రావడం మానేశారని తర్వాత తెలిసింది. వెర్లీన్ కూర్చునే వరుసలో ఆ చివర ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు.

ఆఖరి సోమవారం మధ్యాహ్నం మూడున్నరకు ఆఫీసు ఫోను మోగింది. మిస్ ఆర్డెల్.

"హెంబ్రీ పిల్లా, మీ గాట్లిన్ వచ్చాడు. గంట నుంచి నా కౌంటరు దగ్గర స్తంభంలా నిలబడ్డాడు. ఫారం ఇస్తే తీసుకోడు, పొమ్మంటే పోడు. ఆ అమ్మాయిని పిలువు అంటాడు. ఐదింటికి మూస్తాను, ఆ తర్వాత గవర్నరొచ్చినా తియ్యను. త్వరగా రా."

రోడ్డు దాటడానికి నాకు నిమిషం పట్టలేదు. గడ్డం గీసుకున్నారు. మెడ దాకా గుండీలు. కౌంటరు అంచును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు, పడవలో నిలబడ్డట్టు.

"దాని మీద ఉందటగా ఆ జాబితా?" అన్నారు నన్ను చూడగానే. "ఫారం మీదే అచ్చేశారటగా?"

ఉంది. సంతకం పెట్టే చోటికి పైనే, చిన్న అక్షరాల్లో. "కింది నేరాలలో వేటికీ నాకు శిక్ష పడలేదని ప్రమాణం చేస్తున్నాను" అని. ఆ ఫారం పోస్టాఫీసులో ఉంటుంది, లైబ్రరీలో ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు. ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. నేను ఇచ్చి వచ్చినదాన్ని కూడా తిప్పి చూడలేదట.

"చదువు. పైకి చదువు, నాకు వినబడాలి."

చదివాను. హత్య. మానభంగం. లంచం. దొంగతనం.

"ఆగు." వేలు కౌంటరు మీద ఆనించారు. "దొంగతనం ఉంది."

"ఉందండీ. మీది అది కాదు. మీ చేతిలో ఏమీ లేదు. తీర్పులో రాసి ఉంది."

"సరే, కానివ్వు."

ఇళ్ళకు నిప్పు పెట్టడం. మోసంతో సరుకు పొందడం. అబద్ధపు సాక్ష్యం. ఫోర్జరీ. నమ్మి అప్పగించిన సొమ్ము కాజెయ్యడం. భార్య ఉండగా ఇంకో పెళ్ళి చేసుకోవడం.

"అదీ ఉందా?" మిస్టర్ ఎజెల్ తలెత్తారు. "మా బావమరిది గ్రీన్‌విల్‌లో ఒకదాన్ని, మెంఫిస్‌లో ఒకదాన్ని కట్టుకున్నాడే! ప్రతిసారీ అందరికంటే ముందెళ్ళి వేసొస్తాడు!"

"శిక్ష పడితేనే. పట్టుబడకపోతే వాడిష్టం" అంది మిస్ ఆర్డెల్. "నాకు పేరు చెప్పకు, నేనేం వినలేదు."

వెనక కారు నంబరు ప్లేటు కోసం వచ్చినతను గొంతు సవరించుకున్నాడు. "ఇంకా ఎంతసేపమ్మా?"

"నీ కారు ఎక్కడికీ పారిపోదులే, నిలబడు" అంది ఆవిడ.

నేను చదువుతూ పోయాను. ఆయుధంతో దోపిడీ. బెదిరించి వసూలు చెయ్యడం. దొంగచెక్కు. కలప నరికి ఎత్తుకుపోవడం. కారు లాక్కోవడం. చివరి దాకా చదివి ఆగాను.

"కన్నం?"

"లేదండీ."

"మొదట్నుంచి చదువు."

రెండోసారి నెమ్మదిగా చదివాను. కారు మనిషి కూడా ఈసారి ఏమీ అనలేదు. టోపీ తీసేసి వింటున్నాడు. అయిపోయాక మిస్టర్ ఎజెల్ ఆ కాగితం తన వైపు తిప్పుకున్నారు.

"దొంగతనం అని నా చేత్తో నేనే రాసుకున్నాను" అన్నారు. "నీ కాగితం మీద."

"నేనూ చూడకుండా ఎక్కించానండీ. తప్పు నాదీ ఉంది. ఆ రోజే చెప్పాల్సింది మీకు."

"నువ్వు నేను చెప్పింది నమ్మావు. నేను ఎవరెవరో చెప్పింది నమ్మాను." పెన్ను అడిగారు. ఎజెల్ అని రాసి, ఆగి, గాట్లిన్ అని పూర్తి చేశారు. అక్షరాలు తిన్నగా వచ్చాయి.

మిస్ ఆర్డెల్ ఫారం లాక్కుని ముద్ర కొట్టింది.

"ఇంకేం చెయ్యాలి?"

"ఇంకేం చేస్తావు, డాన్సు చేస్తావా? కార్డు పోస్టులో వస్తుంది. తర్వాతి మనిషి!" అంది, కారు మనిషికేసి చూస్తూ. ఆ మనిషి ముందుకు రాకుండా, మిస్టర్ ఎజెల్ పక్కనుంచి వెళ్ళేదాకా దారి ఇచ్చి నిలబడ్డాడు.

బయట మెట్ల మీద ఇంటికి దింపనా అని అడిగాను. వద్దన్నారు, బండి ఉందన్నారు. బండిలో కూర్చుని చాలాసేపు ఇంజను స్టార్టు చెయ్యలేదు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియలేదు. చివరికి వెళ్ళలేదు.

ఎన్నిక రోజు నేను తెల్లవారుజాము నుంచి నడవలేని వాళ్ళనూ, కళ్ళు సరిగా కనబడని వాళ్ళనూ బండిలో ఎక్కించుకుని తిప్పుతున్నాను. మౌంట్ పిస్గాకు వెళ్ళేసరికి పదకొండయింది. చర్చి ఆడవాళ్ళు ఆయన కోసం కొబ్బరి కేకు చేసి ఉంచారట, ఎవరూ కొయ్యలేదు. ఏడు గంటలకు తలుపు తీసేసరికే ఆయన నిలబడి ఉన్నారనీ, తెర వెనకాల ఎంతకూ రాకపోతే ఒంట్లో బాగాలేదేమోనని పిలిచారనీ, వచ్చి కాగితం మిషనులో వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పక్క తలుపులోంచి వెళ్ళిపోయారనీ చెప్పారు. "కేకు నువ్వన్నా తీసుకెళ్ళి ఇవ్వు" అన్నారు.

రెండింటికి వీలు చిక్కింది. ఆయన ఇంటి తలుపు తీసే ఉంది. రేడియోలు మోగడం లేదు. వంటింటి బల్ల దగ్గర, ఆదివారం కోటు ఇంకా విప్పకుండా కూర్చుని ఉన్నారు.

"ఫాంట్రాయ్ పంపాడా? తనకు వేశానో లేదో కనుక్కురమ్మని?"

"లేదండీ. కేకు పంపారు."

"పెట్టక్కడ." ఎదురు కుర్చీ చూపించారు. కేకు వంక చూడలేదు. "ఎంతసేపున్నానన్నారు?"

"చాలాసేపని."

"ఇరవై నిమిషాలు. ఎవరికి వెయ్యాలో తెలియక కాదు. అందరూ తెలిసినవాళ్ళే." చేతులు బల్ల మీద పరిచి వాటినే చూస్తున్నారు. "అది ఎవరికి వేసి ఉండేదా అని. వెర్లీన్. నలభై ఏళ్ళు కాపురం చేశాను. దానికి కూరలో ఎంత ఉప్పు కావాలో తెలుసు, ఏ పాటకు ఏడుస్తుందో తెలుసు. షెరీఫుగా ఎవర్ని ఎన్నుకుంటుందో తెలీదు. బడి కమిటీకి ఎవరో తెలీదు. ఎప్పుడైనా చెప్పనిస్తేగా నేను! ఒక్కో పేరు దగ్గరా ఆగాను. ఇదా, అదా అని. ఏమీ తట్టలేదు."

"మరి?"

"మరేముంది. నాకు తోచినట్టు వేసుకుంటూ వచ్చాను, ఒక్కణ్ణే." ఎందుకో ఆయన నోటి చివర చిన్నగా కదిలింది. "కానిస్టేబుల్ పదవికి నిలబడ్డ ఆ బర్నెల్ స్ట్రిబ్లింగ్ ఉన్నాడే, వాడు పదేళ్ళ కిందట మా కుక్కను గుద్ది ఆగకుండా పోయాడు. దానికి వెర్లీన్ వారం రోజులు అన్నం తినలేదు. వాడికి మాత్రం ఛస్తే వేసి ఉండదు. ఆ ఒక్కచోట ఆలోచించలేదు. వాడికి పోటీగా ఉన్నవాడి గడి గట్టిగా దిద్దాను. అక్కడొక్కచోట ఇద్దరం కలిసి వేసినట్టుంది."

లేచి చాకు వెతికి కేకు కోశాను. ఒక ముక్క ఆయన ముందు పెట్టాను. ఏడింటిదాకా పోలింగు ఉంది, నేను తీసుకెళ్ళాల్సిన వాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. ఆ సంగతే చెప్పాను.

"వెళ్ళు, వెళ్ళు. ఆలస్యం చెయ్యకు, వాళ్ళు ఎదురుచూస్తుంటారు" అన్నారు.

నేను బండి వెనక్కి తిప్పుతున్నప్పుడు కూడా ఆయన అలాగే కూర్చుని ఉన్నారు, కోటుతోనే, ముక్క ముట్టకుండా.